పదకొండో వార్డు వంకాయ

పెదకాలవపురం పురపాలక సంఘం వారు పంట మార్పిడి పథకం పెట్టారని తెలిసిన రోజున, ఊరు మొత్తం మీద సంతోషించిన మనిషి ఒక్క వర్ధనమ్మే. తర్వాత ఆవిడ ఎంత ఏడ్చిందో తెలిసినవాళ్ళకి ఈ మాట వింతగా ఉంటుంది గాని, నిజం నిజమే కదా, దాచడం దేనికి!

ఆటోకి మైకు కట్టి వీధి వీధీ తిప్పారు. "వేసిన చోట వేసిందే వేయరాదు! మార్చి వేయుము, మన్ను కాపాడుము!" అని లోపల్నించి ఒక గొంతు అరుస్తోంది. వర్ధనమ్మ చేతిలో చేటతోనే గుమ్మంలోకి వచ్చి వింది. విని, పడక్కుర్చీలో పేపరు చదువుకుంటున్న మొగుడు కొండలరావు వైపు తిరిగింది.

"విన్నారా? మా అత్తగారు ఎప్పుడో చెప్పిన మాట. ఇప్పటికి తెలిసింది వీళ్ళకి."

"మా అమ్మ మైకు పెట్టి చెప్పలేదు కదే. అందుకని తెలిసుండదు," అన్నాడు కొండలరావు పేపరు దించకుండానే.

వర్ధనమ్మ పెరట్లో నాలుగు మడులున్నాయి. ఒకదాన్లో వంగ, ఒకదాన్లో చిక్కుడు, ఒకదాన్లో ఆకుకూరలు, ఒకదాన్లో ముల్లంగి. ఏడాది తిరగ్గానే అన్నీ ఒక్కో మడి పక్కకి జరుగుతాయి. వంగ వేసిన చోట మళ్ళీ వంగ వేస్తే వేరు కుళ్ళి చస్తుంది. అక్కడ చిక్కుడు వేస్తే నేల తేరుకుంటుంది. ఆవిడ దీన్ని పథకం అనుకోలేదెప్పుడూ. పెరడు అనుకునేది, అంతే.

ఇహ ఆ వంకాయ సంగతి చెప్పుకోవాలి. ఆకుపచ్చ మీద తెల్లచారలు, కోడిగుడ్డంత కాయ, నూనెలో పడిందంటే చాలు కరిగిపోతుంది. అత్తగారు తన పుట్టింటి నుంచి కొంగున కట్టుకొచ్చిన విత్తనమట. పెదకాలవపురంలో మరో ఇంట్లో ఆ వంకాయ లేదు. ఎలా ఉంటుంది, వర్ధనమ్మ ఎవరికీ విత్తనం ఇస్తేగా! కాయలు మాత్రం చేతికి ఎముక లేకుండా పంచిపెట్టేది. అన్నీ లేతవే. గింజ పట్టిన కాయ గడప దాటేది కాదు. ఏటా ఒక్క కాయని చెట్టునే పండనిచ్చి, పాత చొక్కా గుడ్డతో సంచి కుట్టి దానికి తొడిగి, ఎవరి కంటా పడకుండా దాచేది. అది పండాక గింజ తీసి, బూడిదలో కలిపి, మూట కట్టి వంటింట్లో కొక్కేనికి తగిలించేది.

ఎదురిల్లు తోడికోడలు మాణిక్యానిది. పెద్దావిడ పోయేముందు చిన్నకోడలికి ఇత్తడి గంగాళం, పెద్దకోడలికి విత్తనం మూట ఇచ్చింది. మాణిక్యానికి ఆ గంగాళం వంక చూసినప్పుడల్లా ఒళ్ళు మండిపోయేది. "ఒక్క ముదురుకాయ ఇయ్యక్కా," అని ఏటా అడిగేది. "ముదిరితే చేదమ్మా, నీకెందుకు ఆ చేదు," అని వర్ధనమ్మ ఏటా లేతకాయలు పొట్లం కట్టి పంపేది. ఇదీ వరస.

మైకు తిరిగిన కొద్దిరోజులకే గుర్నాథం వచ్చాడు. ఉద్యాన విభాగంలో ఫీల్డు ఇన్‌స్పెక్టరు. చేతిలో ట్యాబు, మెళ్ళో ఆకుపచ్చ తాడుకి వేలాడే కార్డు.

"మీ ఇంటి పంట ఏటండి?"

"నాలుగున్నాయి నాయనా. రా, చూపిస్తాను."

"చూడక్కర్లేదండి. ఒకటి చెప్పండి చాలు. ఇంటి నంబరుకి ఒక్క పంటే పడుద్దండి ఇందులో."

"ఒక్కటే అయితే వంకాయని రాసుకో," అంది వర్ధనమ్మ. ఎంత గొప్పగా అందో! ఆ గొప్పే కొంప ముంచింది.

గుర్నాథం వేలితో నొక్కాడు. ట్యాబు కుయ్యిమంది. "ఆయ్. కిందటేడు వంకాయ. అంటే ఈ ఏడు చిక్కుడు కుటుంబం, పై ఏడు ఆకుకూరలు, ఆ పై ఏడు దుంపలు. ఆ తర్వాత మళ్ళీ వంకాయ వేసుకోవచ్చండి మీరు."

"అదేవిటయ్యా! నా మడులు ఏటేటా తిరుగుతూనే ఉన్నాయి. ఈ మడిలో ఉన్నది ఆ మడిలోకి, ఆ మడిలోది పక్క మడిలోకి..."

"మడులు తిరిగితే సరిపోదండి. ఇల్లు తిరగాలి."

"ఇల్లెలా తిరుగుతుందయ్యా?"

"అది పైనించి వచ్చిందండి," అని గుర్నాథం ఆకాశం వైపు చూశాడు. వర్ధనమ్మ కూడా చూసింది. అక్కడేమీ కనపడలేదు.

అతను వెళ్ళిపోయాక ఆవిడ వంటింట్లోకి వెళ్ళి కొక్కెం మీది మూట తడిమి చూసింది. వంగ విత్తనం రెండేళ్ళు నమ్మకంగా ఉంటుంది. మూడో ఏడు సగం మొలుస్తుంది. ఆపైన ఆ మూట విప్పితే ఉండేది బూడిదే. మళ్ళీ తన వంతు వచ్చేసరికి అత్తగారి వంకాయ ఉండదు. ఎక్కడా ఉండదు. ఆ ముక్క తలుచుకుని పీట వాల్చుకుని కూర్చుంది. మర్నాడే చీర మార్చుకుని పురపాలక సంఘం ఆఫీసుకి బయల్దేరింది.

ఉద్యాన విభాగం అధిపతి పురంధరరావు గారు. ఎక్కడో కొండ మీద చల్లటి హోటల్లో పంట మార్పిడి మీద సదస్సు జరిగితే వెళ్ళి, తెర మీద నాలుగు రంగుల చక్రం చూసి, ఆ చక్రాన్ని గుండెల్లో పెట్టుకుని తిరిగొచ్చిన మనిషి. అంతకుముందు ఆయన మొక్క నాటాడో లేదో తెలియదు. ఆయన బల్ల మీదున్న పూలకుండీ మాత్రం ప్లాస్టిక్‌ది. ఆ చక్రంతోనే ఊరికి హరితచక్ర పురస్కారం వచ్చి తీరుతుందని ఆయన నమ్మకం.

వర్ధనమ్మ చెప్పిందంతా ఆయన కళ్ళు మూసుకుని విన్నాడు.

"అమ్మా, తమరి ఆవేదనను విభాగం సానుభూతితో పరిశీలిస్తుంది. కాని భూసారం అనేది వ్యక్తిగత విషయం కాదు. దీనిని మేము మిషన్ మోడ్‌లో చేపట్టి ఉన్నాము."

"మడులు నాలుగూ వేరే వేరే అండీ. ఒకసారి వచ్చి చూడండి."

"మడి అనేది మా రికార్డులలో లేదు. ఇంటి నంబరు ఉంది, వార్డు ఉంది. మడి ఏ అధికారి పరిధిలోనిదో తమరు సెలవిస్తే వారికి రాస్తాను."

పురంధరరావు గారికి ఆవిణ్ణి చూస్తుంటే ఒక ఆలోచన తట్టింది.

"తమరు వచ్చి మంచి పని చేశారు. ఇంటికో పంట అని పెడితే రేపు ప్రతివారూ ఇలాగే నా ఇల్లు వేరు, నా గొడవ వేరు అంటారు. అదే వార్డుకో పంట అని పెట్టామనుకోండి, అందరికీ సమానం. ఎవరికీ అన్యాయం జరగదు!"

అలా, వర్ధనమ్మ అర్జీ ఫలితంగా, పథకం వార్డు స్థాయికి పెరిగింది. "ఇందుమూలముగా యావన్మంది పౌరులకు తెలియజేయునది ఏమనగా" అంటూ ఉత్తర్వు వచ్చింది. పదకొండో వార్డు యావత్తూ చిక్కుడు కుటుంబం. పన్నెండో వార్డు యావత్తూ వంకాయ కుటుంబం. ఈ రెండు వార్డులకీ సరిహద్దు ఏదయ్యా అంటే, వర్ధనమ్మ ఇంటి ముందు వీధి. ఇటు వర్ధనమ్మది పదకొండు. అటు మాణిక్యానిది పన్నెండు.

ఆ ఉత్తర్వు విని మాణిక్యం గేటు దగ్గరికి వచ్చి నిలబడింది. ఊరికే నవ్వింది.

తీరా చూస్తే వంకాయ కుటుంబం అంటే ఒక్క వంకాయే కాదు. టమాటా ఆ కుటుంబమేనట, పచ్చిమిరప కూడా ఆ కుటుంబమేనట. పదకొండో వార్డులో మిరపమొక్క కనపడితే చాలు, ఉద్యాన విభాగం వాళ్ళు పీకి వ్యానులో పడేసేవారు. వీధికి అటువైపు టమాటా పప్పు, పచ్చిమిరపకాయ బజ్జీ. ఇటువైపు పొద్దున గోరుచిక్కుడు వేపుడు, రాత్రి చిక్కుడుకాయ కూర, పండగొస్తే బొబ్బర్ల వడ. చుట్టాల్ని భోజనానికి పిలిస్తే, "మీదే వార్డండీ?" అని ముందు కనుక్కుని, పదకొండు అనగానే "కాఫీ చాల్లెండి" అనేవారు. పన్నెండో వార్డు ఆడవాళ్ళు నాలుగు పచ్చిమిరపకాయలు అప్పిస్తూ నడుం మీద చెయ్యేసుకుని మాట్లాడ్డం మొదలెట్టారు.

అంతటితో ఆగిందా? ఒకేచోట ఉండరాదన్నప్పుడు అన్నిటికీ అదే న్యాయం కదా! వార్డులో మునగచెట్టుకి నోటీసు అంటించారు. "సదరు వృక్షము చిరకాలముగా స్థానచలనము లేక ఒకేచోట నిలిచియున్నందున, నోటీసు అందిన పదిహేను దినములలోగా స్వయముగా తొలగవలెను." కరివేపాకు చెట్లకి కూడా తలా ఒకటి అంటించారు. చెట్లు బదులివ్వలేదు. చివరికి తులసికోటలకీ నోటీసులు అంటించేసరికి వార్డులో ఆడవాళ్ళంతా చీపుళ్ళు పట్టుకుని ఆఫీసు మీదికి వెళ్ళారు. పురంధరరావు గారు వెనక గుమ్మంలోంచి జారుకుని, మర్నాడు సవరణ ఉత్తర్వు తెచ్చారు. "పూజలందుకొను మొక్కలకు పై నిబంధన వర్తించదు."

ఆ ఉత్తర్వు పేపర్లో చదివి కొండలరావు కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "ఇదిగో, విన్నావా? పూజ చేస్తే మినహాయింపట."

"అయితే?"

"అయితే ఏముందే? చెయ్యి మరి."

వర్ధనమ్మకి ఒక్క క్షణం పట్టింది. అర్థం కాగానే లేచి మూట విప్పింది. సగం గింజలు తీసి పాత డబ్బాలో నారు పోసింది. అందులో బలంగా వచ్చిన మొక్కని తీసుకెళ్ళి తులసికోటలో తులసమ్మ పక్కన నాటింది. పసుపు రాసింది, కుంకుమ పెట్టింది, మొదట్లో ఎర్రగుడ్డ చుట్టింది. తులసమ్మకి దణ్ణం పెట్టి, "నువ్వేం అనుకోకు తల్లీ, కొన్నాళ్ళు ఇరుకవుతుంది," అంది.

గుర్నాథం తనిఖీకి వచ్చి కోట దగ్గర ఆగిపోయాడు.

"ఇదేటండి?"

"వంగమ్మ తల్లి. మా ఇలవేల్పు."

గుర్నాథం వంగి ఆకు చూశాడు, ఆకు మీద ముల్లు చూశాడు, ఊదారంగు పువ్వు చూశాడు. "అచ్చం వంకాయ మొక్కలాగే ఉందండి."

"అమ్మవారు ఏ రూపాన రావాలనుకుంటే ఆ రూపాన వస్తుంది. పీకుతానంటే పీకు నాయనా, నేను వద్దంటానా? తర్వాత నీ చేతికి ఏదైనా అయితే మాత్రం నన్నడక్కు."

గుర్నాథం తన కుడిచేతిని ఒకసారి చూసుకున్నాడు. పెళ్ళికావలసిన మనిషి. చెప్పులు విడిచి, దణ్ణం పెట్టి, ట్యాబులో "దేవత" అని రాసుకుని వెళ్ళిపోయాడు.

ఇలాంటి సంగతి వార్డులో దాగుతుందా? నెల తిరిగేసరికి పదకొండో వార్డు తులసికోటలన్నిటిలోనూ కొత్త దేవతలు వెలిశారు. ఒకరింట్లో మిరపమ్మ, ఒకరింట్లో టమాటమ్మ. పొద్దున్నే స్నానం చేసి ప్రదక్షిణాలు చేసేవారు. కొలిచినకొద్దీ దేవతలు కాయలిచ్చేవారు. ఆ కాయలు ప్రసాదం కింద పులుసులో పడేవి. ఉద్యాన విభాగం నివేదికలో మాత్రం "పథకము ప్రవేశపెట్టిన అనంతరము పదకొండవ వార్డు పౌరులయందు భక్తిభావము గణనీయముగా పెంపొందినది" అని రాసుకున్నారు.

వర్ధనమ్మకి వీటితో పని లేదు. ఆవిడ కన్నంతా వంగమ్మ తల్లి మొదటి కాయ మీదే. దాన్ని కోయలేదు. పండనిచ్చింది. చొక్కా గుడ్డ సంచి తొడుగుదామంటే, దేవతకి పాత చొక్కా తొడిగావేమిటని చూసినవాళ్ళు అడుగుతారు. అందుకని తొడగలేదు. కార్తీకమాసం వచ్చేసరికి ఆ కాయ పసుపు ముద్దలా మెరుస్తూ పండింది. ఇంకో రెండు రోజులుంటే కోసేయవచ్చు. అప్పుడు దిగాడు పురంధరరావు.

మూడు నాలుగు నెలల్లో పురస్కారం కమిటీ వస్తోందట. ఆయనకి ఊపిరాడ్డం లేదు. ఇలవేల్పు సంగతి గుర్నాథం ఆయన చెవిన వేశాడు. వంగమ్మ తల్లికి మొక్కుకున్న వారంలోనే తనకి సంబంధం కుదిరిందని కూడా చెప్పాడు. ఇంకేం కావాలి? ఆయన పట్టుపంచె కట్టుకుని సిబ్బందితో సహా వచ్చి, కోట చుట్టూ తిరిగి, సాగిలపడి లేచాడు.

"అమ్మా, ప్రసాదం అనుగ్రహించండి."

"అయ్యో, దానికేం భాగ్యం! ఇవిగోనండి, లేతకాయలు. ఎన్ని కావాలంటే అన్ని..." అంటూ వర్ధనమ్మ గబగబా కోయబోయింది.

"కాయ ఎందుకమ్మా? దేవుని సన్నిధిలో పండు గ్రహించాలి," అని పురంధరరావు గారు భక్తిగా చెయ్యి చాచి, ఆ ఒక్క పండు కోసి, కళ్ళకద్దుకుని, పంచె చెంగున కట్టుకున్నారు.

వద్దని అనడానికి లేదు. అది వంకాయ అంటే దేవత పోతుంది, దేవత అంటే పండు పోతుంది. వర్ధనమ్మ కళ్ళ నుంచి నీళ్ళు జలజలా రాలాయి. "ఎంత భక్తి! ఎంత భక్తి!" అని సిబ్బంది తలలూపారు. ఆ భక్తికి మెచ్చి అక్కడికక్కడే బిందెలు తెప్పించి వంగమ్మ తల్లికి పాలూ, కొబ్బరినీళ్ళూ అభిషేకం చేశారు. ఉద్యాన విభాగం మొత్తం తలో చెంబూ పోసింది. మొదలు కుళ్ళి వారం లోపలే తల్లి తల వాల్చింది.

"నీ తెలివి తెల్లారినట్టే ఉంది," అన్నాడు కొండలరావు, సలహా తనదేనన్నది మరిచిపోయి.

వర్ధనమ్మ తిరిగి ఒక్క మాటా అనలేదు. అందుకే ఆయనకి భయం వేసింది. లేచి వెళ్ళి తనే కాఫీ పెట్టి తెచ్చాడు. ఆవిడ ఆ కాఫీ ముట్టుకోకుండా వంటింట్లో కూర్చుని, మూటలో మిగిలిన గింజల్ని అరచేతిలో పోసుకుని చూస్తోంది. ఒకసారి విప్పిన మూట, వానల చెమ్మకి గింజలు నల్లబడ్డాయి. వేస్తే ఇప్పుడే వెయ్యాలి, ఉన్నవన్నీ వెయ్యాలి. వెయ్యడానికి నేలేదీ? పదకొండో వార్డులో ఇప్పుడు కోటకోటకీ గుర్నాథం మనుషులు అభిషేకాలకి వస్తున్నారు. పన్నెండో వార్డు మాత్రం వీధికవతలే ఉంది. ఎనిమిది అంగలు. ఇరవై ఏళ్ళుగా ఆ పనికి ఆవిడ వెయ్యని అంగలు.

వెళ్ళింది. మాణిక్యం అరుగు మీద కూర్చుని టమాటాలు ఏరుతోంది.

"ఇవి అత్తయ్యవి," అని మూట చేతిలో పెట్టింది వర్ధనమ్మ. "మొత్తం ఇవే. ఇంకెక్కడా లేవు."

మాణిక్యం మూట విప్పలేదు. ఏదో వెటకారం ఆడబోయినట్టు పెదవి కదిలింది గాని, వర్ధనమ్మ మొహం చూసి ఆగిపోయింది.

"కూర్చో అక్కా. కాఫీ తాగి వెళ్ళు," అంది.

ఆ గింజల్లో నాలుగే మొలిచాయి. ఆ నాలుగూ బతికాయి. మాణిక్యం చెయ్యి మంచిదే, ఆ సంగతి ఒప్పుకోవడానికి వర్ధనమ్మకి కష్టంగా ఉండేది. రోజూ తన గేటు దగ్గర నిలబడి, వీధికవతల అత్తగారి మొక్కలు ఎంతెత్తు ఎదిగాయో చూసేది. కాపు మొదలయ్యాక ఒకరోజు మాణిక్యం పొట్లం పట్టుకొచ్చింది.

"ఇవిగో అక్కా. గుత్తి వంకాయకి బాగుంటాయి."

విప్పి చూస్తే అన్నీ లేతవే. గింజ పట్టనివి.

"ఒక్క కాయ ముదరనియ్యవే," అంది వర్ధనమ్మ.

"ముదిరితే చేదక్కా. నీకెందుకు ఆ చేదు?" అని మాణిక్యం చక్కగా, తీరిగ్గా, ఇరవై ఏళ్ళ వడ్డీతో సహా చెప్పి, వీధి దాటి వెళ్ళిపోయింది. వర్ధనమ్మ ఆ పూట గుత్తి వంకాయ వండింది. అంత రుచిగా ఉన్న కూర ఆవిడకి గొంతు దిగలేదు.

ఇక్కడ ఇలా ఉండగా, ఆఫీసులో పురంధరరావు గారి ప్రసాదం సంగతేమైందో చూడాలి. ఆయన ఆ పండుని బీరువాలో ఫైళ్ళ మీద పసుపు గుడ్డలో పెట్టుకున్నారు. కొన్నాళ్ళకి అది ముడతలు పడి కంపు కొట్టింది. ప్రసాదాన్ని చెత్తబుట్టలో వెయ్యకూడదు కదా, ఎవరూ తొక్కని చోట వెయ్యాలి. ఆఫీసు మొత్తం మీద ఎవరూ తొక్కని చోటు ఏదని వెతికితే, జెండా కర్ర మొదట్లో ఉన్న చిన్న మట్టి దిమ్మ కనిపించింది. అక్కడ భక్తిగా పెట్టి వచ్చారు. తర్వాత తుపాను వాన కురిసింది. ఆ తర్వాత ఏమవుతుందో వర్ధనమ్మని అడిగినా చెప్పేది, ఉద్యాన విభాగాన్ని మాత్రం అడగకూడదు.

దిమ్మ నిండా నారు మొలిచింది. కాస్త ఎదిగాక గుర్నాథం చూసి పరిగెత్తుకొచ్చాడు.

"సార్, మన జెండా దగ్గర వంగమ్మ తల్లి వెలిసిందండి!"

"మంచిదే కదయ్యా."

"మంచిదేనండి. కాని మన ఆఫీసు పదకొండో వార్డండి. ఇక్కడ వంకాయ కుటుంబం నిషేధం కదండి. పూజామొక్క అందామంటే, కమిటీ వారు దేవతల్ని ఒప్పుకోరంటండి. ఎల్లుండొచ్చి చూస్తారంటండి."

పురంధరరావు గారు కిటికీలోంచి జెండా వైపు చూశారు. పీకేద్దామా? ఎవరు పీకుతారు? సిబ్బంది అంతా చేతులు వెనక్కి పెట్టుకున్నారు. గుర్నాథానికి ముహూర్తం దగ్గర్లోనే ఉంది. తనే పీకుదామంటే, సాగిలపడి మొక్కిన తల్లి. మొక్కని కదపడానికి లేదు, నిబంధనని కదపడానికి అసలే లేదు. ఇక కదపడానికి మిగిలింది ఏముంది? గోడ మీద నాలుగు రంగుల్లో వార్డుల పటం వేలాడుతోంది. ఆయన దాని ముందు కాసేపు నిలబడి, జేబులోంచి పెన్ను తీశారు.

మర్నాటికల్లా ఉత్తర్వు వచ్చేసింది. "పరిపాలనా సౌలభ్యము దృష్ట్యా వార్డుల సరిహద్దులను శాస్త్రీయముగా పునర్వ్యవస్థీకరించడమైనది." ఆఫీసుతో పాటు, అదే వీధిలో వర్ధనమ్మ వైపు వరస ఇళ్ళన్నీ పన్నెండో వార్డులోకి వెళ్ళాయి. అటు ఎన్ని ఇళ్ళు పోయాయో ఇటు అన్ని తేవాలి కదా, లేకపోతే వార్డుల బరువు తప్పుతుంది. అందుకని వీధికి ఎదుటి వరస పదకొండో వార్డులోకి వచ్చింది. చెప్పొచ్చేదేమిటంటే, రాత్రికి రాత్రి వర్ధనమ్మ ఇంట్లో వంకాయ తప్పనిసరి అయింది, మాణిక్యం ఇంట్లో నేరమయింది.

కమిటీ రాకముందే వార్డులు శుభ్రం కావాలి. పొద్దున్నే గుర్నాథం వ్యాను వేసుకుని వచ్చి, వీధి మొదట్నించి పీక్కుంటూ వస్తున్నాడు. టమాటా, మిరప, వంగ, ఏదుంటే అది. మాణిక్యం ఇంటికి ఇంకో రెండిళ్ళే ఉన్నాయి.

వర్ధనమ్మ గేటు తీసుకుని వీధిలోకి వచ్చింది. ఎదుటి గేటు కూడా తెరుచుకుంది. మాణిక్యం వచ్చింది. ఆవిడ చేతిలో పాత జాకెట్టు గుడ్డతో కుట్టిన చిన్న సంచి. అందులోంచి తొడిమ పైకి కనపడుతోంది. వర్ధనమ్మకి ఆ సంచి ఏమిటో చెప్పాలా? అంటే, ముదరనిస్తే చేదని చెప్పిన మనిషే ఒకటి దాచి ముదరనిచ్చింది. వర్ధనమ్మ పెదవుల మీదికి నవ్వు వచ్చి అక్కడే ఆగింది.

ఇద్దరూ వీధి మధ్యకి వచ్చి నిలబడ్డారు.

"నీకిస్తే మళ్ళీ మూట కట్టి కొక్కేనికి తగిలిస్తావు," అంది మాణిక్యం. సంచి గుండెకి అదుముకుంది. "నాకు మళ్ళీ లేతకాయలే."

"తగిలిస్తాననే అనుకున్నానే, నిన్నటిదాకా." అంది వర్ధనమ్మ. "ఆ పండు ఆయన కోసుకుపోతే ఎందుకంత దిక్కులేకపోయిందో ఇవాళ తెలిసింది. నా ఒక్కదాని దగ్గరే ఉండబట్టి కదా ఆ గతి పట్టింది! ఇవాళ నా వైపు వంకాయ, రేపు నీ వైపు. ఆ గీత పైయేటికి ఎక్కడికి పోతుందో గీసినాయనకే తెలీదు. ఇంకెప్పుడూ ఒక్క ఇంట్లో ఉండకూడదే ఇది."

మాణిక్యం కొంగుతో ముక్కు తుడుచుకుంది. "అయితే ఇక్కడే పంచుకుందాం. మీ ఇంట్లో వద్దు, మా ఇంట్లో వద్దు."

"ఏవండీ, కత్తిపీట తెండి!" అని కేకేసింది వర్ధనమ్మ.

కొండలరావు పేపరు వదిలేసి కత్తిపీట తెచ్చాడు. వీధికి సరిగ్గా నడిమధ్య, కొత్త సరిహద్దుకి సున్నంతో గీసిన గీత మీద వేశాడు. తోడికోడళ్ళిద్దరూ ఎదురెదురుగా గొంతుక్కూర్చున్నారు. మాణిక్యం సంచి విప్పి పసుపుపచ్చటి పండు తీసింది. వర్ధనమ్మ దాన్ని రెండు చేతులా పట్టుకుని నిలువునా రెండు చెక్కలు చేసింది. గింజలు తళతళలాడాయి. ఒక చెక్క ఇటు, ఒక చెక్క అటు.

అప్పుడే గుర్నాథం వ్యాను వచ్చి వాళ్ళ ముందు ఆగింది. దిగి ట్యాబు తెరిచాడు. కత్తిపీట కాళ్ళలో ఒకటి పదకొండులో ఉంది, ఒకటి పన్నెండులో ఉంది. ఏ గడిలో నొక్కాలో పాలుపోలేదు.

"ఈ కాయ ఏ వార్డుదండి?" అని అడిగాడు.

"మా అత్తగారిది," అన్నారు ఇద్దరూ ఒక్కసారే.

గుర్నాథం ట్యాబులో కిందికీ పైకీ వెతికాడు. అత్తగారికి గడి లేదు. కాసేపు ఆ పండు చెక్కల వంకా, వాళ్ళిద్దరి మొహాల వంకా చూసి, ఎందుకైనా మంచిదని చెప్పులు విడిచాడు.